తిత్తికి మోట కుట్టు

కోరుట్ల
11 జనవరి 2025

పెద్దబాపూ,

నీకూ పెద్దమ్మకూ దండాలు. మొన్న ఫోన్ చేస్తే నువ్వు "ఎవలు, ఏంది, జర గట్టిగ మాట్లాడు" అని అటు నుంచి అరిచావు, నేను ఇటు నుంచి అరిచాను. మా ఇంటి ఓనరమ్మ పైకి వచ్చి "ఎవలతోని కొట్లాట బిడ్డా" అని అడిగింది. నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడ్డ చెవులు నీవి, వాటిని ఇక సతాయించను. ఉత్తరమే నయం.

నాకు మూడు నెలల పని దొరికింది. పాత చర్చిల్లో ఉన్న ఆర్గాన్‌లు ఎప్పుడు వచ్చాయి, ఎవరు వాయించారు, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయి అని రాసిపెట్టే సర్వే. హైదరాబాదు నుంచి ఒక సార్ వస్తాడు. ఆయన ఆర్గాన్‌లకు డాక్టర్ అనుకో. నేను కొలతలు తీసి, ఫోటోలు పట్టి, పన్నెండు పేజీల ఫారం నింపాలి. నాకు ఏ ఊరు వచ్చిందో చెప్పు చూద్దాం. కథలాపూర్ అవతల మన ఎర్రగుట్టపల్లి. మన చర్చి గొట్టాల పెట్టె.

అది 1928లో ఓడలో బొంబాయికి, రైల్లో నిజామాబాదుకు, అక్కడి నుంచి మెట్‌పల్లి మీదుగా ఎడ్లబండ్ల మీద వచ్చిందట. గొట్టాలు మొత్తం రెండు వందల పన్నెండు. ముందు వరసలోవి నాకంటే పొడుగు, వెనక వరసలోవి చిటికెన వేలంత. ఒక్కొక్కటీ ఊడదీసి బూజు తుడుస్తున్నాను. ఒకదాంట్లో కందిరీగ గూడు ఉంది, దాన్ని కూడా ఫారంలో రాశాను.

అసలు సంగతి ఇది. ఏప్రిల్ మొదట్లో చర్చికి కొత్త స్లాబు వేస్తున్నారు. ఈలోపే సార్ తన మాట చెప్పాలి. పెట్టెను బాగుచేయవచ్చు అంటే ఉంటుంది. పనికిరాదు అంటే కమిటీవాళ్లు ఊడదీసి పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. కొత్త కీబోర్డు, సౌండ్ బాక్సులు ఇప్పటికే చూసిపెట్టుకున్నారు. ఫారం ఎంత గట్టిగా ఉంటే పెట్టెకు అంత బలం.

అందులో "వాయించినవారు" అని ఒక గడి ఉంది. చంద్రయ్య తాత పేరు రాయకుండా అది ఎట్లా నిండుతుంది? "మా నాయిన పెట్టె వాయిస్తే మెట్‌పల్లి నుంచి జనం నడిచి అచ్చెటోళ్లు" అని నువ్వు మాకు ఎన్నిసార్లు చెప్పలేదు. ఖతర్‌లో ఉన్న నాన్నను అడిగితే "నాకు ఏడేండ్లప్పుడు బాపు పోయిండు, అన్ననే అడుగు" అన్నాడు. తాత ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా వాయించాడు రాసి, సంతకం పెట్టి పంపు. ఫారానికి కుడతాను.

నీ ప్రీతి


సిరిసిల్ల
20 జనవరి

బిడ్డా ప్రీతీ,

నీ ఉత్తరం ముట్టింది. నీ తెలుగు పేపరోళ్ల తెలుగు లెక్కున్నది, చదివెటప్పుడు భయం పెట్టింది, ఏదన్న నోటీసు అచ్చిందా అని. మీ పెద్దమ్మ మోకాళ్లు గట్లనే ఉన్నయి. చలికాలం గదా, పొద్దుగాల మంచం దిగాల్నంటే గోడకు చెప్పి దిగుతది. నేను ఇప్పుడు పొద్దంత మగ్గాల కాడికి పోతలేను, ఒక్క పూటనే. చెవులు పోయినా చెయ్యి పెడితే ఏ మగ్గం ఎక్కడ తప్పు కొడుతున్నదో ఎరుకైతది. పోరగాళ్లు నన్నే పిలుస్తరు.

నీకు పని దొరికింది, సంతోషం. ఎండలకు ముందే చేసుకో. ఆ చర్చిల రేకులు కాగుతయి.

మీ తాత ముచ్చట ఇప్పుడు ఎందుకు? అప్పటియి అప్పుడే పోయినయి. గొట్టాలు లెక్కపెట్టు, తుడువు, ఫోటోలు పట్టు. మనుషుల జోలికి పోకు. నేను సంతకం పెట్ట.

నీళ్లు మంచిగ తాగు.

పెద్దబాపు పోశం


కోరుట్ల
2 ఫిబ్రవరి

పెద్దబాపూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకు ఆ ఊరి మీద ఇంకా కోపం పోలేదని అర్థమైంది. 1984లో సిరిసిల్ల పోయినవాడివి, తాత మట్టికీ నాన్న పెళ్లికీ తప్ప మళ్లీ ఆ చర్చి గడప తొక్కలేదట. జలపతి తాతతో ఏమైనా మాటామాటా అయిందా? ఆయన ఇప్పుడు కమిటీలో పెద్ద. ఎనభై ఏళ్లు, కానీ తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వడు. నేను ఎంతసేపు పని చేస్తే అంతసేపు ముందు బెంచీలో కూర్చుని చూస్తూ ఉంటాడు. తను కూడా పాతికేళ్లు వాయించాడట.

నీ కోపానికి తాత ఏం చేశాడు చెప్పు? నువ్వు రాయకపోతే నేనే రాశాను. "చంద్రయ్య, ఆర్గాన్ వాయిద్యకారుడు, 1956 నుంచి 1981 వరకు." ఆయన చర్చి పనిలో చేరిన ఏడు, మానేసిన ఏడు నువ్వు ఒకప్పుడు చెప్పినవే. నకలు ఇందులో పెట్టాను. మంచి కాగితం మీద తీయించాను, పటం కట్టించుకో. వచ్చే ఆదివారం పాస్టర్ గారు ఫారం మొత్తం కమిటీ ముందు చదువుతారు. తాత పేరు ఆ గోడల మధ్య వినపడుతుంది. నువ్వు కూడా రా, ముందు వరసలో కూర్చోబెడతాను.

ప్రీతి


కోరుట్ల
24 ఫిబ్రవరి

పెద్దబాపూ,

మూడు వారాలైంది, నీ దగ్గర నుంచి ముక్క లేదు. పోస్టు పోయిందో, నీకు ఒంట్లో బాగాలేదో తెలియదు. పెద్దమ్మ ఫోన్‌కు చేస్తే "మంచిగనే ఉన్నడు, మూతి ముడుసుకున్నడు" అని పెట్టేసింది.

ఇక్కడ పెద్ద గొడవే అయింది. పాస్టర్ గారు తాత పేరు చదవగానే జలపతి తాత లేచి నిలబడ్డాడు. "చంద్రయ్యనా? చంద్రయ్య ఎన్నడు ఆ కుర్సీ మీద కూసున్నడు?" అన్నాడు. బీరువాలోంచి పాత రిజిస్టర్ తెచ్చి అందరి ముందూ పరిచాడు. వాయించినవాళ్ల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, అందరూ బడి పంతుళ్లు, వాళ్ల పిల్లలు. తాత పేరు లేదు. నేను ఊరుకోలేదు. "మా పెద్దబాపు అబద్ధం చెప్పడు" అన్నాను. ఆయన నవ్వి, "అట్లయితే మీ పెద్దబాపునే అడుగు బిడ్డా, మీ తాత పెట్టె తెరకు ముందట ఉన్నడా ఎనుక ఉన్నడా అని" అన్నాడు. ముందటే అని ఒక్క ముక్క రాసి పంపు, తెచ్చి ఆయన ముందు పెడతాను. ఫారంలో ఒక్క గడి అబద్ధమని తేలితే మిగతా గడులు కూడా ఎవరూ నమ్మరు. సార్ ఆ మాట మొహం మీదే చెప్పాడు.

ఇంకో చెడ్డ వార్త. సార్ వచ్చి వెనక చెక్కలు ఊడదీసి గాలి తిత్తిని చూశాడు. గొట్టాలన్నిటికీ గాలి పోసేది అదే కదా. దాని తోలు మడతల పొడవునా కుట్లు ఉన్నాయి. తిత్తి తోలును జిగురుతో అతికించాలట, సూది తగలనే కూడదట. పొక్క పడితే గాలి పోతుంది. ఇట్లాంటి కుట్టు ఆయన ఏ దేశంలోనూ చూడలేదట. రిజిస్టర్లో 1956లో ఒకే వాక్యం ఉంది: "ఎలుకలు కొరికిన గాలి తిత్తి స్థానికంగా బాగుచేయబడినది." ఎవరు చేశారో లేదు. సార్ నాతో ఇట్లా రాయించాడు: "తెలియని వ్యక్తి చేసిన తప్పుడు మరమ్మతు. తోలు మొత్తం కోసి తీసివేయాలి." కొత్త తిత్తి అంటే ఆ పని ఇక్కడ అయ్యేది కాదు, పెట్టె బతకడం కష్టమని ఆయన మాట. పాడుచేసినవాడు ఎవడో గాని, మన పెట్టె ప్రాణం తీశాడు పెద్దబాపూ.

త్వరగా రాయి.

ప్రీతి


సిరిసిల్ల
3 మార్చి

ప్రీతికి,

ముందటనా ఎనుకనా అని నన్నే అడుగుతున్నవా. జలపతి అందరి ముందట అడిగింది చాలలేదా, నువ్వు కాయితం మీద పెట్టి సంతకం కూడ అడుగుతున్నవు. చదువుకున్నదానివి, నన్ను పరీక్ష పెడుతున్నవు. పటం కట్టించుకొమ్మని కాయితం పంపినప్పుడే నాకు అనుమానం అచ్చింది.

పాడుచేసినోడు ఎవడో అని రాసినవు. ఎవడో నీకు ఎరుకే. ఎరుకుండే రాసినవు. నా గాయం మీద కారం సల్లినవు.

ఇగ నాకు రాయకు.

పోశం


కోరుట్ల
8 మార్చి

పెద్దబాపూ,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. కొడితే వచ్చి కొట్టు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నేను నిన్ను ఏ పరీక్షా పెట్టలేదు. నాకు ఏం ఎరుకని నువ్వు అనుకుంటున్నావో అదే నాకు తెలియదు. చిన్నప్పుడు నీ పక్కలో పడుకుని విన్న ముచ్చటను నిజమని రాశాను, అంతే. ఆ నకలు నీకు సంతోషమవుతుందని, బస్సు కిరాయి మిగుల్చుకుని మంచి కాగితం కొని తీయించాను.

నీకు ఇష్టం లేకపోతే తాత పేరు కొట్టేస్తాను. కానీ ఎందుకు కొట్టేయాలో నువ్వే చెప్పాలి. మార్చి 27న సార్ చివరిసారి వస్తాడు. ఆ రోజు కత్తి తెచ్చి తిత్తి తోలు కోసేస్తాడట. దాంతో పెట్టె సంగతి తేలిపోతుంది.

ప్రీతి


సిరిసిల్ల
14 మార్చి

బిడ్డా,

నీ ఉత్తరం మీ పెద్దమ్మ ముందుగాల చదివింది. చదివి నా ఒళ్లె పడేసి, "పిల్లకు ఏం తెల్వది, నీకే దొంగ బుద్ధి" అన్నది. నిజమే. నీ మీద ఒర్రినందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలె. మాఫ్ చెయ్యి.

మీ తాత పెట్టె వాయించలేదు. ఒక్కనాడు కూడ ఆ కుర్సీ మీద కూసోలేదు. ఎవలు వద్దనలేదు, ఎవలు కూసొమ్మనలేదు. తెర ఎనుక నిలబడి, గాలి నింపెటందుకు తిత్తి కట్టె కిందికి మీదికి కొట్టెటోడు. ఇరువై అయిదేండ్లు కొట్టిండు. తిత్తిల గాలెంత ఉన్నదో చూపెట్టెటందుకు ఒక తాడుకు సీసం గుండు ఏలాడుతది, నువ్వు చూసే ఉంటవు. గాలి నిండితే ఆ గుండు కిందికి దిగుతది, గాలి అయిపోతుంటే మీదికి ఎక్కుతది. పాట ఎంతసేపున్నా బాపు కన్ను ఆ గుండు మీదనే.

ఆయన అసలు పని తోలు పని. మా ఇంటెనుక తోళ్లు ఊరేసె లంద ఉండేది. సున్నంల నానవెట్టిన తోళ్లను తంగేడు చెక్క నీళ్లల్ల ఊరవెట్టెటోళ్లు. ఆ వాసనకు బడిల నా పక్కన ఎవలు కూసోకపోదురు. కరెంటు మోటర్లు రాకముందు సుట్టు ఊర్లన్నిటికి బావుల మోటలు బాపే కుట్టిండు. మోటంటే నీకు తెల్వది. ఎడ్లు గుంజితే బావిలకెళ్లి నీళ్లు మోసుకచ్చె తోలుసంచి. ఒక్క చుక్క కారద్దు. కారిందా, రైతు ఇంటి మీదికి అచ్చి తిట్టెటోడు.

యాభై ఆరుల ఎలుకలు తిత్తి కొరికినయట. చర్చి నడిపె తెల్లదొర సీమ నుంచి తోలు తెప్పిస్తా అన్నడట, అది వచ్చేసరికి ఎనిమిది నెలలు. క్రిస్మస్ రెండు నెలలల్ల ఉన్నది. బాపు పోయి "నేను చూస్త దొరా" అన్నడట. పదకొండు దినాలు కూసుండి కుట్టిండు. ఇది నాకు మా అవ్వ చెప్పింది, నేను అప్పటికి పుట్టలేదు.

మీ సార్ చూసింది మోట కుట్టు. అంచును లోపటికి మడిచి, పొక్క పొడిచె ఆరెను అవతలికి పోనియ్యకుంట తోలు సగం మందంలనే తిప్పి, రెండు సూదులతోని ఎదురెదురుగ కుడతరు. మీద పొక్క కనబడతది గని అవతలికి పడది. ఆఖరుకు ఆముదం పట్టిస్తరు. నీళ్లు ఆగినకాడ గాలి ఆగదా? మీ సార్‌కు మీదికెళ్లి చూస్తే పొక్కలు కనబడ్డయి. కొయ్యనియ్యకు బిడ్డా. ముందుగాల బాపు చేసెటి పరీక్ష చెయ్యి. తిత్తిని నిండ కొట్టి కట్టె ఇడిసిపెట్టు. పరలోక ప్రార్థన మెల్లగ మూడు సార్లు చెప్పు. అప్పటికి గుండు సగం కన్న మీదికి ఎక్కద్దు. ఎక్కిందా, మీ సార్ మాటే నిజం, కోసుకొమ్మను.

అబద్ధం ఎట్ల పుట్టిందో కూడ ఇను. సిరిసిల్లకు అచ్చిన కొత్తల కిరాయి ఇల్లు అడిగితే ఓనరు "మీ నాయిన ఏం చేస్తడు" అన్నడు. ఏం చేసెటోడని చెప్పాలె? ఆ మాట చెప్పినంక రెండిండ్లు అప్పటికే లేదన్నయి. "చర్చిల పెట్టె వాయించెటోడు" అన్న. తాళంచెవి చేతుల పెట్టిండు. మగ్గాల కాడ అదే చెప్పిన, పిల్లనిచ్చినోళ్లకు అదే చెప్పిన. మీకు అదే చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపించింది. ఊరికి పోతే ఎవలన్న నా అబద్ధం ఇప్పుతరేమోనని పోలేదు. జలపతి మీద నాకేం కోపం లేదు, బయ్యం.

నిన్న రాత్రి ఇదంత మీ పెద్దమ్మకు కాయితం మీద రాసి చూపెట్టిన. నా చెవులకు వినబడదు గని నోటితోని చెప్పొచ్చు, అయినా నోరు రాలే. అది చదివి నవ్వింది. పెండ్లయిన మూడో దినమే ఎరుకనట. అప్పటికి బతికున్న మామ చేతులు చూసిందట. తంగేడు రంగు గోర్లల్ల ఉంటే పెట్టె ఎట్ల వాయిస్తడని. నలభై ఏండ్లు నాతోని అననే అనలే, సూడు దాని పొగరు.

మీ తాతను పెద్దోన్ని చేద్దామని ఆయనది కాని పని ఆయనకు అంటగట్టిన. ఆయన చేసిన పనేమో తెలియనోడు పాడుచేసినట్టు పుస్తకంల ఎక్కుతున్నది. గిది నేను చేసిందే.

వాయించినోళ్ల గడిల ఆయన పేరు కొట్టెయ్యి.

పెద్దబాపు


కోరుట్ల
28 మార్చి

పెద్దబాపూ,

నిన్నటి సంగతి మొదటి నుంచి చెబుతాను, మధ్యలో కంగారుపడకు.

పొద్దున తొమ్మిదికే సార్ వచ్చాడు. నిజంగానే కత్తి తెచ్చాడు. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను, మోట కుట్టు దాకా. ఇంట్లో ముచ్చట వదిలేశాను. ఆయన నమ్మలేదు, కానీ కత్తి పక్కన పెట్టాడు. కట్టె ఎవరు కొట్టాలి? నేనే కొట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. గుండు కిందికంటా దిగింది. వదిలేశాను. జలపతి తాత ముందు బెంచీలోంచి లేచి వచ్చి పరలోక ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆయన మెల్లగా చెబుతాడు, ముసలాయన కదా, ఒక్కో మాట దగ్గర దమ్ము తీసుకుంటాడు. మూడుసార్లు అయ్యేసరికి నా ప్రాణం పోయింది.

గుండు సగానికి రాలేదు. కానీ ఊరికే కూడా లేదు, కొంచెం పైకి జరిగింది. సార్ చెవి పెట్టి వెతికాడు. కిందివైపు ఎడమ మూలలో తోలు ఎండి జానెడు పగిలింది. గాలి పోయేది అక్కడ ఒక్కచోటే. కుట్ల దగ్గర అగరొత్తి పొగ పెట్టి చూస్తే పొగ కదలలేదు. ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. "ఈ మనిషి ఉన్నాడా?" అని అడిగాడు. లేడు సార్, కొడుకు ఉన్నాడు అన్నాను.

"తప్పుడు మరమ్మతు" అన్న ముక్క తన చేత్తోనే కొట్టేసి, "గాలి తిత్తి బాగున్నది, ఒక మూల తప్ప" అని రాశాడు. ఆ మూల బాగైతే పెట్టెను నిలబెట్టవచ్చని కమిటీకి చెప్పాడు. అయితే ఆ కుట్టు తెలిసినవాళ్లే చేయాలట, తను చేయలేనన్నాడు. ఏప్రిల్ 5 దాకా గడువు ఇచ్చారు. అది దాటితే స్లాబు పనివాళ్లు వస్తారు.

జలపతి తాత నిన్ను ఒక మాట అడగమన్నాడు. ఆయన పదిహేనేళ్లు కుర్చీలో కూర్చుంటే మన తాత పదిహేనేళ్లు ఆయన వెనకే నిలబడ్డాడు. "పాట అయినంక అందరు నా చెయ్యి పట్టుకునెటోళ్లు. నేను ఒక్కనాడన్న తెర తీసి ఎనుకకు సూడలే. మీ పెద్దబాపు నా మీద కోపం పెట్టుకున్నడా?" అన్నాడు. కోపం కాదు, భయం అని నువ్వు రాసిన మాట ఆయనకు చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవలసింది.

వాయించినవాళ్ల గడిలోంచి తాత పేరు కొట్టేశాను. "బాగుచేసినవారు" అన్న గడి ఖాళీగా పెట్టాను. పేరు, వృత్తి, రెండూ రాయాలి. నాకు తెలుసు, కానీ నేను రాయను. నువ్వు ఏం రాయమంటే అదే రాస్తాను. ఖాళీగా వదిలేయమన్నా వదిలేస్తాను, నీ మీద మనసులో ఏమీ పెట్టుకోను.

ప్రీతి


సిరిసిల్ల
31 మార్చి

బిడ్డా ప్రీతీ,

నీ ఉత్తరం షెడ్డు కాడికే అచ్చింది. అక్కడనే నిలబడి చదివిన. కుట్ల కాడ పొగ కదలలేదు అన్న దగ్గర నాకు ఏడుపు ఆగలే. పోరగాళ్లు మగ్గాలు బందు పెట్టి సుట్టు మూగిండ్రు, ఎవలన్న సచ్చిండ్రా అని. మా నాయిన కుట్టిన కుట్టు డెబ్బై ఏండ్లాయె, ఇంక ఊడలేదట అని చెప్పిన. ఏం కుట్టు అని సైగ చేసిండ్రు. తోలు కుట్టు, మా నాయిన తోలు పని చేసెటోడు, నేను గూడ నేర్చిన అన్న. పదేండ్లు నా పక్క మగ్గం మీద చేసిన పరశురాములు ఏమన్నడో నాకు వినబడలే. పోయి రెండు చాయలు తెచ్చిండు, ఒకటి నా చేతుల పెట్టిండు.

ఎల్లంతకుంట దిక్కు ఒకాయన ఇంక తంగేడు చెక్కల ఊరేసిన గొర్రెతోలు చేస్తున్నడు. ఎల్లుండి పోయి తెస్త. ఆరె నా దగ్గర్నే ఉన్నది, మీ పెద్దమ్మ ఎక్కడనో దాసింది, ఎతుకుతున్నది. ఏప్రిల్ మూడున పొద్దుగాల బస్సుకు కోరుట్లల దిగుత. నువ్వు బస్టాండుకు రా, నాకు కండక్టర్ మాట వినబడది. ఆముదం ఒక సీస కొని పెట్టు. మీ పెద్దమ్మ కూడ అస్తనంటున్నది, మోకాళ్లు బాగైనయట.

జలపతికి కోపం లేదని చెప్పకు, నేనే అచ్చి చెప్త. చర్చి కాడ ఎవలన్న, ఎవలు అస్తున్నరని అడిగితే, తోలు పని చేసెటోడు అస్తున్నడని చెప్పు.

ఆ గడిల గిట్ల రాయి. పేరు చంద్రయ్య. వృత్తి తోలు పని. దాని కింద ఇంకో వరస గియ్యి. పేరు పోశం, చంద్రయ్య కొడుకు. వృత్తి అదే.

పెద్దబాపు